కుట్లు అల్లికల పేజీలో ఫొటోలు చాలండీ, కొలతలు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ ఉత్తరం రాజకీయాల గురించీ కాదు, మా వీధి రోడ్డు గురించీ కాదు. మీ ఫ్యామిలీ పేజీలో అప్పుడప్పుడు వచ్చే కుట్లు అల్లికల గురించి. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడపిల్లలకి టైలరింగ్, ఎంబ్రాయిడరీ నేర్పుతాను, కాబట్టి ఆ పేజీ వస్తే మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే జరుగుతుంది.

ఈమధ్య ఒకసారి "పాత చీరతో అరగంటలో అందమైన బ్యాగు" అని వేశారు. ఫొటో నిజంగా బాగుంది, పావు పేజీ ఇచ్చారు. కింద చదివితే తగినంత క్లాత్ తీసుకుని, కావలసిన సైజులో కట్ చేసుకుని, నచ్చిన లేస్ వేసి కుట్టుకోవాలి అని ఉంది, అంతే, అయిపోయింది. ఏవండీ, కూరలో ఉప్పు తగినంత అంటే ఎవరైనా వేసేస్తారు, రుచి చూసి ఇంకొంచెం వేసుకోవచ్చు కూడా, కానీ క్లాత్ తగినంత అంటే ఎట్లాగండీ, ఒకసారి కత్తెర పెట్టాక మళ్లీ అతుక్కోదు కదా. అది రాసినావిడ ఆ బ్యాగు కుట్టలేదని నాకు గట్టి అనుమానం. కుట్టిన మనిషైతే ముందు కొలతలు చెప్తుంది, తర్వాతే అందం సంగతి.

ఫోన్లో వీడియోలు బోలెడు ఉన్నాయి కదా పేపర్ ఎందుకు అంటారేమో. ఉన్నాయి, నేనూ చూస్తాను, మా పిల్లలూ చూస్తారు. కానీ వాటిలో అసలు కుట్టు దగ్గరకి వచ్చేసరికి స్పీడ్ పెంచేస్తారు, చెయ్యి అడ్డం వస్తుంది, పాట మోగుతుంది, మనం సూది పక్కన పెట్టి వెనక్కి జరిపి మళ్లీ చూసేలోపు ఇంకో యాడ్ వస్తుంది. పైగా ఫోనులో బొమ్మ ఎంత పెద్దది చేసినా అసలు సైజు రాదు. మీ పేపర్‌లో వస్తుంది. అదే నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట. మా టైలరింగ్ వాళ్లకి మొట్టమొదటి బట్ట న్యూస్‌పేపరే, తెలుసా అండీ? కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా ముందు పేపర్ కటింగే చేస్తుంది, చంక రౌండు, మెడ రౌండు అన్నీ మీ వార్తల మీదే గీస్తుంది, అది సరిగ్గా వచ్చాకే బట్ట చేతికిస్తాం. పేపర్ విప్పితే రెండు పేజీలు కలిపి రెండడుగుల వెడల్పు ఉంటుంది. పసిపిల్లల జబ్లా, సంచి, దిండు గలీబు, వేడి గిన్నెలు దించే పట్టుగుడ్డ, ఫోన్ పౌచ్, ఇలాంటివన్నీ అసలు సైజులోనో సగం మడతలోనో అందులో పట్టేస్తాయి. మీరు గీత గీసి అచ్చేస్తే చాలు, ఇంట్లో వాళ్లు కత్తిరించి బట్ట మీద పెట్టి గుండుసూదులు గుచ్చుకుంటారు. ఈ పని ఏ ఫోనూ చెయ్యలేదు.

ఊరికే అడగడం కాకుండా ఎలా వేస్తే బాగుంటుందో రాస్తాను, నచ్చితే వేసుకోండి.

ఆ సంచే తీసుకుందాం. ఇప్పుడు సంచి అవసరం ఎలాగూ పెరిగింది. 75 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2021 సెప్టెంబర్ 30 నుంచి, 120 మైక్రాన్ల లోపువి 2022 డిసెంబర్ 31 నుంచి వాడకూడదని రూల్ ఉంది, మా రైతుబజారులో ఆ రూల్ ఎంతవరకు అమలవుతుందో ఆ సంగతి మీ రిపోర్టర్లకే వదిలేస్తున్నా. పాత కాటన్ దుప్పటో, మందంగా ఉన్న కర్టెన్ ముక్కో తీసుకోండి, 18 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. సగానికి మడిస్తే 18 కి 18 అవుతుంది, మడత కిందకి పెట్టుకుంటే అడుగున కుట్టే ఉండదు కాబట్టి బంగాళదుంపలు మూడు కేజీలు వేసినా చిరగదు. పక్క కుట్లు మామూలుగా వేస్తే లోపల పోగులు ఊడి కూరల్లో పడతాయి, అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను అందరి ఇళ్లలో ఉండదు కదా, అందుకని ఫ్రెంచ్ కుట్టు వెయ్యాలి. అంటే ముందు మంచి వైపు బయటికి ఉంచి పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, పోగులు కత్తిరించి, సంచి తిరగేసి, ఆ అంచు లోపలికి పోయేలా ఇంకో కుట్టు, కొంచెం ఎడంగా. ఇప్పుడు అడుగు మూల. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. తిరగేసిన సంచిలో చెయ్యి పెట్టి ఒక మూలని విడదీసి లాగితే, పక్క కుట్టు వచ్చి అడుగు మడత మీద కూర్చుని త్రికోణంలా అవుతుంది. ఆ కొస నుంచి కుట్టు వెంబడి 2 అంగుళాలు కొలిచి అక్కడ అడ్డంగా గీత గీస్తే ఆ గీత 4 అంగుళాలు ఉంటుంది, ఉండాలి, లేకపోతే మడత పక్కకి జరిగిందని లెక్క. గీత మీద రెండుసార్లు కుట్టేస్తే సంచికి 4 అంగుళాల అడుగు వచ్చి బల్ల మీద తనంతట తను నిలబడుతుంది. రెండో మూల కూడా అంతే. పై అంచు మడిచి కుట్టాక పట్టీలకి 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు కావాలి, నాలుగు మడతలు పెడితే అంగుళం పట్టీ అవుతుంది. అతికేచోట చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వెయ్యాలి, బరువంతా లాగేది అక్కడే మరి. బట్ట పల్చగా ఉంటే లోపల ఒక బకరం ముక్క, అంటే కాలర్లలో పెట్టే గట్టి బట్ట, పెట్టండి. ఇంతే సంచి. దీనికి లేస్ ఎందుకండీ, వంకాయలకి లేస్ కావాలా!

ఇంకా తేలికది గలీబు, జిప్పు లేకుండా. 16 అంగుళాల కుషన్‌కి 17 వెడల్పు, 40 పొడవు బట్ట. రెండు పొట్టి అంచులూ అంగుళం చొప్పున మడిచి కుట్టేస్తే 38 మిగులుతుంది, ముందు వెనక కలిపి 32 పోగా 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది, దిండు బయటికి రాదు. మంచి వైపు లోపలికి పెట్టి మడిచి, పక్కలు అర అంగుళంలో కుట్టి తిరగేయడమే. జిప్పు వెయ్యడం రాని పిల్లలు కూడా కుట్టేస్తారు.

పట్టుగుడ్డ సంగతి మాత్రం కొంచెం జాగ్రత్తగా రాయాలి మీరు. పాత జీన్స్ ప్యాంటు కాళ్ల నుంచి 7 అంగుళాల చదరాలు రెండు, మధ్యలో పాత టర్కీ టవల్ రెండు పొరలు, అడ్డంగా నిలువుగా గళ్లు కుట్టి చుట్టూ క్రాస్ పట్టీ, అంటే ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, వేస్తే వేడి గిన్నె హాయిగా దించొచ్చు. కానీ అందం కోసం పాలిస్టర్ ముక్కో, దిండులో ఉండే ఫైబర్ దూదో పెట్టారంటే వేడికి అది కరిగి చేతికి అంటుకుంటుంది. ఏ బట్టో అనుమానం వస్తే ఒక్క పోగు లాగి సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్లతో అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే ముడుచుకుని కొసన గట్టిగా పూసలా తయారవుతుంది. పిల్లలకి ఇది భలే సరదా, పక్కన పెద్దవాళ్లు ఉండాలి లెండి. ఈమధ్య జీన్స్‌లోనూ సాగే రకాలు ఎక్కువ వస్తున్నాయి, అవి మసిగుడ్డలకి పనికిరావు.

ఎంబ్రాయిడరీ అనగానే మీ పేజీలో పెళ్లి బ్లౌజు మగ్గం వర్కే కనిపిస్తుంది. మగ్గం వర్క్ గొప్పదే, కాదనను, కానీ అది ఫ్రేము కట్టి కూర్చుని రోజులతరబడి చేసే పని, చదివిన వాళ్లు ఇంట్లో చెయ్యరు, చూసి మురిసి పేజీ తిప్పేస్తారు. ఇంటికి కావాల్సింది వేరేది. పాప తెల్ల ఫ్రాకు మీద పప్పు పడి పసుపు మరక పోలేదు, ఎండలో వేసినా కొంచెం మిగిలింది, ఫ్రాకు చూస్తే కొత్తది. అక్కడ ఒక లేజీ డైజీ పువ్వు వేస్తే పావుగంటలో మరక మాయం. మరకకి ఒకటే పువ్వు వేస్తే అతికినట్టు ఉంటుంది, అందుకని దాని పక్కన చిన్నవి రెండు వేసి కాడకుట్టుతో ఒక తీగ లాగాలి, అప్పుడు కావాలని వేసిన డిజైన్‌లా ఉంటుంది, అత్తగారు కూడా కనిపెట్టలేరు.

ఆ పువ్వు ఎలాగో రాస్తున్నా, ఇలాగే వేయండి. కొట్లో దొరికే దారం లచ్చిలో 6 పోగులు కలిసి ఉంటాయి, ఆరూ కలిపి కుట్టకూడదు, 2 గానీ 3 గానీ విడదీసుకోవాలి. ముందు మోచేతి పొడవు ముక్క తెంపుకుని, పోగులు ఒక్కొక్కటిగా పైకి లాగి తర్వాత కలుపుకోవాలి, గుంపుగా లాగితే పురి తిరిగి చిక్కుపడిపోతుంది. మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించే బద్ధకానికి బారెడు దారం తీసుకునేవాళ్లు ఉంటారు, దారం ఎంత పొడుగైతే అన్ని ముళ్లు. పువ్వు మధ్యలోంచి సూది పైకి తీసి, దారాన్ని ఎడమచేతి బొటనవేలితో చిన్న ఉచ్చులా పట్టుకుని, పైకొచ్చిన చోటే పక్కనే సూది లోపలికి గుచ్చి, రేకు కొస దగ్గర ఉచ్చు లోపలి నుంచి పైకి తియ్యాలి. మెల్లగా లాగితే రేకు వస్తుంది, గట్టిగా లాగితే గీత వస్తుంది. ఆ కొసన చిన్న టాకా వేసి ఉచ్చుని పట్టేయించడమే. ఇలాంటివి ఐదు, మధ్యలో పసుపు దారంతో ఒక ఫ్రెంచ్ నాట్, అంటే సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి. ఎరుపు, మెరూన్ దారాలు కొన్ని రంగు దిగుతాయి, తడి తెల్లగుడ్డలో నొక్కి చూసుకుని అప్పుడే తెల్ల బట్ట మీద వాడండి. రింగులో బట్ట బిగించి రాత్రంతా వదిలేయొద్దు, ముద్ర పడితే ఇస్త్రీకి కూడా ఒక పట్టాన పోదు.

డిజైన్ దించడానికి కూడా మీ పేపరే చాలు. మీరు బొమ్మ అసలు సైజులో వేస్తే కింద పసుపు కార్బన్ పేపర్ పెట్టి దిద్దుకుంటారు. మగ్గం షాపుల వాళ్లు ట్రేసింగ్ పేపర్ మీద సూదితో వరసగా బెజ్జాలు పొడిచి, పౌడరు కిరసనాయిల్లో కలిపి గుడ్డతో పైన రుద్దుతారు, చుక్కచుక్కలుగా డిజైన్ బట్ట మీద దిగుతుంది, ఒకే బొమ్మ ఎన్నిసార్లయినా దించుకోవచ్చు. ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు. ఇంటూ గుర్తుల్లా కుట్టే క్రాస్ స్టిచ్ అయితే ఇంకా సుఖం, గళ్ల కాగితం మీద గుర్తులు వేస్తే చాలు, మీరు సుడోకు వేసే చోటు సరిపోతుంది. సుడోకు తీసేయమనడం లేదండోయ్, మా ఆయన ఊరుకోరు.

మాది పశ్చిమగోదావరి వైపు. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లడం తెలియని వాళ్లుండరు, 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పారని చెప్తారు, 2024లో ఆ నర్సాపురం క్రోషే లేసుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పుడు అన్ని పేపర్లూ రాశాయి, మంచి ఫొటోలు వేశాయి. కానీ ఏ ఒక్క పేపరూ ఆ క్రోషే కొక్కెం సూదితో గొలుసు ఎలా మొదలుపెట్టాలో, గ్లాసు కింద పెట్టే చిన్న గుండ్రటి కోస్టర్ ఎలా అల్లాలో వెయ్యలేదు. గుర్తింపు వచ్చిన వార్త ఒక్కరోజు ఉంటుంది, కోస్టర్ అల్లడం వచ్చిన పిల్ల చేతిలో ఆ విద్య ఎన్నాళ్లయినా ఉంటుంది కదండీ. ఎంబ్రాయిడరీ దారంతో అల్లే వాళ్లు తక్కువ, లేసు నూలు వేరే, అది కూడా రాయండి, లేకపోతే ఉన్నితో అల్లి లేసు అనుకుంటారు.

మా అమ్మమ్మ కాలం నుంచి ఉన్న బొంత సంగతి కూడా ఎవరూ రాయరు. బెంగాల్ కాంతా అంటే షోరూముల్లో ఎగబడి కొంటాం, అదీ పాత చీరలు పొరలుగా పరిచి వేసే సాదా పోగు కుట్టే, మన బొంతా అదే. తేడా ఏమిటంటే వాళ్లు దాని మీద పువ్వులూ చేపలూ కుట్టారు, మనం చలికి కప్పుకుని చిరిగాక గుమ్మంలో కాళ్ల పట్టాకి వేసేశాం. ఇప్పుడు పాత చీరలు స్టీలు సామాన్ల వాడికి వేసేస్తున్నారు, నాలుగు మంచి కాటన్ చీరలకి ఒక గిన్నె. పెద్ద బొంత కుట్టడం ఒక పూటలో అయ్యే పని కాదు గానీ ఉయ్యాల్లో పసిపిల్లకి వేసే చిన్న బొంత, 30 కి 36 అంగుళాలది, రెండు మూడు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. చీర బాగా ఉతికి ఉండాలి, పొరలు ముడతల్లేకుండా పరిచి మధ్య నుంచి అంచులకి కచ్చా కుట్లు వేసుకుని అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టాలి. అంచు నుంచి మొదలుపెడితే చివరికి మధ్యలో బుడగలా పొంగుతుంది. పసిపిల్లల జబ్లా కూడా పాత మెత్తటి చీరతోనే కుట్టాలి, ఎలాగూ చాలా ఇళ్లలో పురుడు వెళ్లేదాకా పాత బట్టే వేస్తారు. గుండీలు వద్దు, నాడాలు పెట్టండి, కుట్లు బయటి వైపుకి ఉంచండి, లోపల ఉంటే లేత ఒళ్లు ఒరుసుకుంటుంది. ఈ జబ్లా పేపర్ కటింగ్ మీ అర పేజీలో పట్టేస్తుంది. ఒక్కటి వేసి చూడండి, ఎంతమంది దాచుకుంటారో.

ఇంకో మాట, ఈ పేజీకి "మహిళల కోసం" అని పైన రాయకండి. హాస్టల్లో ఉండే మగపిల్లలు గుండీ ఊడిపోతే చొక్కా మూలన పడేస్తారు. టైలర్ దగ్గరికి వెళ్లి ఒక్క గుండీ కుట్టమంటే, జిప్పు మార్చమంటే పండగ వెళ్లాక రండి అంటాడు, ఆయన తప్పేం లేదు, బ్లౌజుల గుట్ట ఉంటుంది ముందు. గుండీ కుట్టేటప్పుడు దాని మీద అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి దాని పైనుంచి కుట్టి, తర్వాత పుల్ల లాగేసి, గుండీకీ బట్టకీ మధ్య వదులైన దారం చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి ముడేస్తే గుండీకి మెడ వస్తుంది, కాజాలోకి సులువుగా దూరుతుంది, తొందరగా ఊడదు. ఈ నాలుగు ముక్కలు ఒక బొమ్మతో వేస్తే ప్రతి హాస్టల్ గోడ మీదా ఉంటుంది.

స్కూళ్లకి కూడా పనికొస్తుంది. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి 10 రోజులు బ్యాగు లేకుండా బడికి వచ్చి చేతిపనులు నేర్చుకోవాలని పెట్టారు కదా. ఆ రోజుల్లో ఏం చేయించాలో తోచని టీచర్లకి మీ పేపర్లో వచ్చిన కటింగ్ చేతిలో ఉంటే సూది దారం తెచ్చుకోమంటే సరిపోతుంది. ఒకప్పుడు మా బళ్లో క్రాఫ్ట్ టీచరుగారు ఉండేవారు, ఇప్పుడు చాలా బళ్లలో ఆ పీరియడ్ లెక్కల వాళ్లకి పోయింది. రాసేవాళ్లు దొరకరేమో అనుకోకండి, టైలరింగ్, ఎంబ్రాయిడరీల్లో ప్రభుత్వ టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్ష లోయరూ హయ్యరూ పాసైన ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లని అడగండి. కుట్టిన వాళ్లే రాయాలి, ఫొటో చూసి రాసేవాళ్లు వద్దు.

వేసేముందు మీ డెస్కులో ఎవరైనా ఒకరు, సూది పట్టడం బొత్తిగా రాని వాళ్లయితే మరీ మంచిది, ఆ కొలతలతో ఒకసారి కుట్టి చూడాలని నా మనవి. వాళ్లకి వచ్చిందంటే పాఠకులకీ వస్తుంది. ప్యాటర్న్ పక్కన సరిగ్గా ఒక అంగుళం పొడవున్న గీత ఒకటి వేయండి, విదేశాల్లో ఉండే మావాళ్లు ఈపేపర్ ప్రింటు తీసుకుంటారు, ప్రింటర్ సైజు మార్చేస్తే ఆ గీత టేపుతో కొలిచి తెలుసుకుంటారు. కుట్టుకి వదిలిన అర అంగుళం ఇచ్చిన కొలతలో కలిసి ఉందా లేదా అన్నది కచ్చితంగా రాయండి, సగం బట్టలు పాడయ్యేది అక్కడే.

ఆదివారం వేస్తే బాగుంటుంది. ఆ ప్యాటర్న్ వెనక పేజీలో మాత్రం దయచేసి ప్రకటనలో, రియల్ ఎస్టేట్ బొమ్మలో వేసుకోండి, రాశిఫలాలు గానీ సినిమా వార్తలు గానీ వేశారంటే మా ఇళ్లలో ఎవరూ కత్తెర పెట్టనివ్వరు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక టైలరింగ్ టీచరు,
పశ్చిమగోదావరి జిల్లా